నలభైమంది పెళ్లికి వెళ్లే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మీ అత్తయ్యా నేనూ కులాసా. ఉభయకుశలోపరి.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఆ పొడుగాటి సందేశాన్ని నేను ఉత్తరమనే అనుకుని రెండుసార్లు చదివాను. మాఘమాసంలో కోనసీమలో ఒక మండువా లోగిట్లో జరిగే పెళ్లికి ఫొటోలు తీయడానికి ఒప్పుకున్నావని, రెండు వైపులా కలిపి నలభైమందికి మించరని, ఇంతకాలం ఫంక్షన్ హాళ్లలో నలుగురి బృందంలో ఒకదానివిగా పనిచేసిన నీకు ఒక్కదానివే వెళ్లాలంటే బెరుగ్గా ఉందని రాశావు. చివర ఇంకో మాట కలిపావు: ఏ ఫొటో తీయబోయినా అది ఇదివరకు ఎవరో తీసేసినదే అనిపిస్తోందని, కొత్తగా ఏమీ తోచడం లేదని. ఈ రెండూ వేరువేరు బాధలనుకుని నువ్వు రాశావు గాని, నలభై ఏళ్లకు పైగా రాజమండ్రిలో స్టూడియో నడిపిన నాకు ఇవి ఒకే బాధలా కనిపిస్తున్నాయి. అందుకే కొంచెం తీరిగ్గా జవాబు రాస్తున్నాను.

వెయ్యిమంది పెళ్లిలో నిన్ను ఎవరూ చూడరు. స్టేజీ, ఎల్‌ఈడీ వాల్, అక్షతలు వేసి ఫొటో దిగడానికి వరసలో నిలబడిన జనం, వాళ్ల ముందు గోడలా నిలబడిన మన కెమెరాల వాళ్లం. వెనక వరసల్లో కూర్చున్నవాళ్లకు పెళ్లికి బదులు మన వీపులు కనబడతాయని ఎంతమంది నవ్వుతూ దెప్పలేదు! అక్కడ నువ్వు పనివాళ్లలో ఒకదానివి. నలభైమంది పెళ్లిలో విస్తళ్ల లెక్కలో నువ్వూ ఉంటావు. వీధి అరుగు మీద కూర్చున్న పెద్దావిడ "మీదే ఊరమ్మా, ఎవరమ్మాయివి?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు నవ్వేసి ముందుకు వెళ్లిపోకుండా నిలబడి జవాబు చెప్పు. నువ్వు ఎవరి మనవరాలివో ఆవిడకు తెలిసిన తరవాత, మర్నాడు నువ్వు రెండడుగుల దూరంలో కెమెరా పట్టుకుని నిలబడినా ఆవిడ కొంగు సర్దుకోదు, మొహం బిగించదు. ఏ లెన్సూ చేయలేని పని అది.

కాబట్టి పెళ్లికి ముందురోజు మధ్యాహ్నానికే ఆ ఊరు చేరుకో. చేరిన మొదటి గంట కెమెరా సంచి విప్పకు. పందిట్లో మామిడాకులు గుచ్చుతుంటే ఒక తోరణం నువ్వూ పట్టుకో. ఎవరు ఎవరికి ఏమవుతారో అక్కడే తెలుస్తుంది. పెళ్లికూతుర్ని పెంచింది మేనత్తా, అమ్మమ్మా? ఏ ఇద్దరు అన్నదమ్ములకు మాటలు లేవు? ఎవరు రావలసి ఉండీ రాలేదు? ఇవి చాడీల కోసం కాదు సుమా. అప్పగింతల వేళ ఎవరి మొహం చూడాలో, గ్రూపు ఫొటోలో ఎవరిని పక్కపక్కన నిలబెట్టకూడదో ముందే తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య తేడా ఆల్బమ్‌లో ప్రతి పేజీలోనూ కనబడుతుంది. "ఇంత తక్కువమందిని పిలిచారేం?" అని మాత్రం పొరపాటున కూడా అడగకు. చిన్న పెళ్లికి కారణం ఒక్క డబ్బే కానక్కరలేదు. ఇంట్లో ఈమధ్యే ఎవరో పోయి ఉండవచ్చు, ఒకరికి అది రెండో పెళ్లి కావచ్చు, ఒక వైపు పెద్దలు ఒప్పుకోని పెళ్లి కావచ్చు, లేదా ఆ పిల్లలిద్దరికీ హడావుడి గిట్టకపోవచ్చు. వాళ్లంతట వాళ్లు చెబితే విను.

నాకు ఈ చిన్న పెళ్లిళ్లు 2020లో మళ్లీ పరిచయమయ్యాయి. లాక్‌డౌన్ నిబంధనల్లో పెళ్లికి 50మందిని మించనివ్వని రోజులవి. అప్పటికి నేను పని దాదాపు మానేశాను. తెలిసినవాళ్లు బతిమాలితే మాస్కు కట్టుకుని వెళ్లాను. ఒక ఇంట్లో పెళ్లికొడుకు అన్నావదినలు డాలస్ నుంచి రాలేక, కుర్చీ మీద నిలబెట్టిన ట్యాబ్‌లో కనిపిస్తూ కూర్చున్నారు. అక్కడ వాళ్లకు అర్ధరాత్రి దాటింది. తలంబ్రాల బియ్యం కొన్ని ఎగిరి ఆ ట్యాబ్ మీద పడ్డాయి. వాళ్లమ్మగారు ఆ గింజలను తుడవలేదు, మిగిలిన తంతు అయ్యేదాకా వాటిని అలాగే ఉండనిచ్చారు. ఆ కుర్చీని, ఆ గింజలను నేను తీసిన ఫొటో ఎవరి దగ్గరా చూసి నేర్చుకున్నది కాదు. ఆ ఇంట్లో, ఆ రోజు తప్ప అది పుట్టేది కాదు. నీ రెండో ప్రశ్నకు నా జవాబు దాదాపు ఇదే, కాని అక్కడికి తరవాత వస్తాను.

ముందు వెలుగు సంగతి చూద్దాం. సుముహూర్తం పగలు 10 గంటల 42 నిమిషాలకని రాశావు. ఇది నీ అదృష్టం, నా రోజుల్లో సగం ముహూర్తాలు తెల్లవారుజామున రెండింటికో మూడింటికో వచ్చేవి. ముందురోజు సరిగ్గా 10-42కే వెళ్లి పీటలు వేసే చోట నిలబడి చూస్తే మరీ మంచిది. మధ్యాహ్నానికి గాని చేరలేకపోతే, ఆ ఇంటి పిల్లల్లో ఎవరినైనా ఆ వేళకు అక్కడ నిలబడి నాలుగు వైపులా ఫోన్‌తో ఫొటోలు తీసి పంపమను. మాఘంలో సూర్యుడు ఇంకా దక్షిణం వైపే వాలి ఉంటాడు. కాబట్టి మండువాలోంచి దిగే ఎండ ఆ వేళకు ఉత్తరపు వసారా వైపు పడుతుంది. పీటలు ఆ ఎండలోనే వేస్తే పెళ్లికూతురి బాసికం నీడ ఆమె కళ్ల మీద పడి, సగం మొహం మండిపోతూ సగం నల్లబడుతుంది. నాలుగడుగులు వెనక్కి, దూలం నీడలోకి జరిపితే ఎదురు సున్నపు గోడ మీద పడి తిరిగివచ్చే మెత్తని వెలుగు ఇద్దరి మీదా సమంగా పరుచుకుంటుంది. నువ్వు ఏ లైటూ వేయనక్కరలేదు. అయితే పీటలు జరపమని పెళ్లిరోజు పదిగంటలకు పురోహితుడితో చెబితే ఆయనకు కోపం వస్తుంది, రావడం న్యాయం కూడా. ముందురోజు సాయంకాలం ఆయన్ను పలకరించి, దిక్కు మార్చకుండా నాలుగడుగులు వెనక్కి వేయవచ్చా అని వినయంగా అడుగు. నేను అడిగినవారిలో కాదన్నవారు బహుకొద్దిమంది.

షామియానా వేస్తారేమో కూడా కనుక్కో. ఎర్రటి గుడ్డ కింద తీసిన మొహాలు ఎర్రగానే వస్తాయి, కంప్యూటర్‌లో ఎంత సరిచేసినా పసుపు రాసిన చెంపలకు అసలు రంగు రాదు. పచ్చి కొబ్బరాకుల పందిరైతే ఆకుపచ్చ ఛాయ కొద్దిగా తగులుతుంది గాని, దాన్ని నేనైతే పూర్తిగా తీసేయను. మధుపర్కాలు కట్టుకున్న తరవాత, వెలుగు కొలిచే కెమెరా మీటరును నమ్మకు. అంత తెలుపు ఎదుట పడేసరికి అది బెదిరి, బట్టలను బూడిదరంగు చేసి మొహాలను నల్లబరుస్తుంది. వెలుగు కొలతను ముప్పాతిక స్టాపు పెంచుకో. ఇంట్లో కొత్తరకం ఎల్‌ఈడీ బల్బులుంటే ఇంకో చిక్కు. కొన్ని బల్బులు మన కరెంటు లయకు సెకనుకు వందసార్లు వెలిగి ఆరుతుంటాయి, చప్పుడు లేని షట్టరు పెట్టి తీస్తే ఫొటో మీద అడ్డచారలు పడతాయి. షట్టరు వేగం సెకనులో 50వ వంతో 100వ వంతో పెట్టుకుని, మామూలు షట్టరుతో తియ్యి. దాని చప్పుడు మంత్రాల మధ్య వినబడుతుందని నీ భయం. వరసగా పది నొక్కితేనే వినబడుతుంది. ఒక్కొక్కటిగా తీస్తే అది ఇంట్లో తలుపు గడియ చప్పుడులో కలిసిపోతుంది. 35 ఎం.ఎం. లెన్సు ఒకటి, 85 ఒకటి పట్టుకెళ్తే ఆ ఇంటికి చాలు. ఫిరంగి లాంటి ఆ పెద్ద లెన్సు కార్లోనే ఉండనీ.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. ఇది మీ అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1988 వేసవిలో మెట్టసీమలో ఒక పల్లెటూరి పెళ్లి. నా చేతిలో అప్పుడు యాషికా ఉండేది. పైనుంచి తల వంచుకుని చూసే కెమెరా అది, రీలుకు 12 ఫొటోలు. పెళ్లి మొత్తానికి ఆరు రీళ్లు, అంటే 72 ఫొటోలు ఒప్పందం. అప్పగింతల వేళకు రీల్లో రెండే మిగిలాయి. పెళ్లికూతురి తండ్రి బడిపంతులు. పళ్లెంలో పాలు పోసి, అందులో కూతురి చేతులు ముంచి, వియ్యంకుడి చేతుల్లో పెడుతూ ఆయన చాలా మెల్లగా ఏదో చెబుతున్నారు. వియ్యంకుడు తల కొంచెం ముందుకు వంచి వింటున్నాడు. నాకు ఆయన మొహం పక్కనుంచి మాత్రమే కనబడుతోంది. ఉన్నవి రెండే, వృథా కాకూడదన్న కంగారు. "మాస్టారూ, ఒక్కసారి ఇటు చూడండి" అన్నాను. జన్మంతా పిల్లల చేత మాట వినిపించుకున్న మనిషి, నా మాట విని, చెబుతున్నది సగంలో ఆపి, గడ్డం ఎత్తి, పాస్‌పోర్టు ఫొటోకు చూసినట్టు చూశారు. నొక్కాను. ఆయన తిరిగి వియ్యంకుడి వైపు తిరిగేసరికి ఆ చెప్పే మాట తెగిపోయింది, "సరేనండి, సరేనండి" అంటూ ఇద్దరూ లేచారు. మరుసటేడు ఆయన పోయారు. మొహం స్పష్టంగా ఉందని ఆయన కొడుకులు ఆ ఫొటోనే ఎన్లార్జ్ చేయించుకున్నారు. ఇప్పటికీ వాళ్ల హాల్లో దండతో ఉంటుంది. చాలా బాగా తీశారండీ అని నాతో అంటారు. నేను ఆ ఇంటికి వెళితే ఆ గోడ వైపు కాకుండా కిటికీ వైపు కూర్చుంటాను. నేను పిలవకపోతే నాకు దొరికేది పక్కనుంచి కనబడే సగం మొహమే, అదీ నీడలో; కాని పాలు కారుతున్న ఆ చేతులు, వాక్యం మధ్యలో ఉన్న ఆ నోరు ఉండేవి.

ఆ తరవాత తంతు మధ్యలో నేను ఎవరినీ "ఇటు చూడండి" అనలేదు. నువ్వూ అనవద్దు. జీలకర్ర బెల్లం మళ్లీ ఒకసారి పెట్టండి, తాళి మళ్లీ ఒకసారి ఎత్తి చూపండి అనడం ఈమధ్య మామూలైపోయింది, పురోహితులే అలవాటుపడి కెమెరా కోసం ఆగుతున్నారు. పెద్ద హాల్లో అది చెల్లుతుందేమో గాని, నలభైమంది ఇంట్లో నీ గొంతు మంత్రం కంటె పైకి వినబడుతుంది. తప్పిపోయింది తప్పిపోయిందే అనుకుని తరవాతిదానికి సిద్ధపడు. ఎప్పుడు సిద్ధపడాలో మేళం చెబుతుంది. పురోహితుడు చెయ్యెత్తగానే సన్నాయి, డోలు ఒక్కసారిగా గట్టిమేళం అందుకుంటాయి గదా, దానికి రెండు క్షణాల ముందు డోలు వాయించే ఆయన చేతులు బిగుస్తాయి. నేను పురోహితుడి కంటె ఆయన్నే ఎక్కువ కనిపెట్టుకుని ఉండేవాణ్ణి.

అడ్డుతెర దగ్గర మాత్రం నువ్వు ముందే ఒక నిర్ణయం చేసుకోవాలి. బృందంలో వెళ్లినప్పుడు తెరకు అటొకరు ఇటొకరు నిలబడేవారు. ఒక్కదానివే వెళ్లినప్పుడు రెండు వైపులా పరిగెత్తాలని చూస్తే రెండూ పోతాయి. నా పద్ధతి, తెర అంచుకు సూటిగా నిలబడటం. అప్పుడు తెర ఒక సన్నని గీతలా మధ్యలో నిలుస్తుంది, దానికి అటూ ఇటూ ఒకరి తల మీద ఒకరి చేయి, ఇద్దరి మొహాలూ పక్కనుంచి కనబడతాయి. చిక్కల్లా తెర పట్టుకునే మనిషితో. సరిగ్గా ఆ అంచు దగ్గరే ఎవరో పొడుగాటి బావగారు నిలబడి ఉంటారు. ముందుగానే ఆయన్ను పట్టుకుని, చేయి చాపి అరడుగు వెనక్కి నిలబడమని ఒప్పించు. తెర దించిన తరవాత మొదటి చూపు ఎవరిది కావాలో అది నీ ఇష్టం. నేనైతే ఎప్పుడూ పెళ్లికొడుకు వైపే లెన్సు తిప్పేవాణ్ణి. పెళ్లికూతురు తనను అందరూ చూస్తున్నారని తెలిసి జాగ్రత్తగా ఉంటుంది, వాడికి ఆ స్పృహ ఉండదు.

ఇక కొత్తగా ఏమీ తోచకపోవడం గురించి. నువ్వు ఫోన్‌లో దాచిపెట్టుకున్న పెళ్లి ఫొటోలు ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు గాని, వందల్లోనే ఉంటాయనుకుంటాను. పెళ్లికి పదిరోజుల ముందు నుంచి వాటిని తెరవకు. ఆ ఫొటోలు మనసులో పెట్టుకుని వెళ్లినవాడు ఆ ఇంట్లో వాటికి జతపడేవాటిని వెతుకుతాడు, దొరకనప్పుడు ఈ పెళ్లిలో ఏమీ లేదనుకుంటాడు. నాకూ నలభయ్యో పడిలో సరిగ్గా ఈ జబ్బే చేసింది. అప్పట్లో ఇన్‌స్టాగ్రామ్ లేదు, బొంబాయి నుంచి వచ్చే పత్రికలు ఉండేవి, అంతే తేడా.

ఆ రోజుల్లో ఏదో పని మీద హిందూపురం వెళ్లి, పక్కనే గదా అని లేపాక్షి చూసి వద్దామని బయలుదేరాను. అచ్యుతదేవరాయల కాలంనాటి వీరభద్రాలయం అది. నాట్యమండపం కప్పు మీద పొడవాటి పట్టీలుగా గీసిన బొమ్మలున్నాయి, వాటిలో పార్వతీ పరిణయమూ ఉంది. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. బొమ్మల్లోని మొహాలన్నీ ఇంచుమించు ఒకే పోలిక. వెలుగునీడల గారడీ ఏమీ లేదు, ఎరుపు, పసుపు, నలుపు లాంటి కొద్దిపాటి రంగులు. మరి ఎవరు ఏమనుకుంటున్నారో మనకు ఎలా తెలుస్తోంది అని ఆలోచిస్తే, అంతా చేతుల్లో ఉంది! బయట కప్పు లేని కల్యాణమండపం ఉంది. పూర్తికాకుండా ఆగిపోయిన కట్టడం. శివపార్వతుల పెళ్లికి వచ్చిన దేవతలు, మునులు అక్కడ స్తంభాల మీద నిలబడి ఉన్నారు. వచ్చినవాళ్లు ఎంతమందో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, ప్రతివాడికీ ఒక స్తంభం ఉంది, ప్రతివాడికీ తనదైన నిలుపు ఉంది. ఎండలో ఆ మండపం మధ్య నిలబడితే, మొత్తం పెళ్లివారి మధ్య నేనొక్కణ్ణే పిలవని చుట్టంలా ఉన్నాననిపించి నవ్వొచ్చింది.

అక్కణ్ణుంచి వచ్చి తీసిన మొదటి పెళ్లిలో నేను చేతులు చూశాను. అంతవరకు వందల పెళ్లిళ్లు తీసినవాణ్ణి, మన పెళ్లి తంతు మొత్తం చేతుల మీదుగానే నడుస్తుందని అప్పుడు గాని గమనించలేదు. కన్యాదానంలో నీళ్ల ధార ఒకరి చేతుల మీంచి ఒకరి చేతుల్లోకి దిగడం, జీలకర్ర బెల్లం జిగురు వేళ్లకు అంటుకుని వదలకపోవడం, మూడు ముళ్లు వేసేటప్పుడు పెళ్లికొడుకు వేళ్లు తడబడుతుంటే జడ ఎత్తిపట్టిన ఆడపడుచు రెండో చేత్తో సాయం చేయడం, బిందెలో ఉంగరం కోసం రెండు చేతులు నీళ్లలో కొట్టుకోవడం, చివరకు ఆ పాలలో ముంచిన చేతులు. ఆ పెళ్లి ఆల్బమ్‌లో పదకొండు ఫొటోల్లో మొహాలే లేవు. పెళ్లివారు మొదట తెల్లబోయారు. తరవాత వాళ్ల అమ్మమ్మ ఒక్కొక్క చేతినీ గుర్తుపట్టి ఎవరిదో చెప్పడం మొదలుపెట్టింది, గాజుల్ని బట్టి, కాలిన మచ్చల్ని బట్టి.

నువ్వు చేతులు తీయమని ఇది చెప్పడం లేదు. అది నాకు లేపాక్షిలో దొరికింది, ఇప్పుడు అందరూ తీస్తున్నారు కూడా. నీకు ఇంకేదో, పెళ్లి ఫొటో కానిదాంట్లో దొరకాలి. రాజమండ్రి వచ్చినప్పుడు దామెర్ల రామారావు గ్యాలరీకి నిన్ను తీసుకువెళ్తాను. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో పోయిన ఆ చిత్రకారుడు మనుషులను ఎలా కూర్చోబెట్టాడో, వాళ్ల మధ్య ఎంత ఖాళీ వదిలాడో ఒక పూట చూద్దువు గాని.

నీకున్న ఒక సౌకర్యం నాకు ఎన్నడూ లేదు. పెళ్లికూతురి గది గుమ్మం దగ్గరే నా పని ఆగిపోయేది. తల్లి జడ వేస్తూ ఏం మాట్లాడుతుందో, గౌరీపూజకు ముందు ఆ పిల్ల ఒక్కతే ఎలా కూర్చుంటుందో నేను చూడలేదు. హైదరాబాదులో 1892లోనే, నిజాం కొలువులో ఫొటోగ్రాఫరైన రాజా దీన్‌దయాళ్ పరదాలో ఉండే స్త్రీల కోసం ప్రత్యేకంగా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్లేయ వనిత చేతికి అప్పగించారు. మగవాడి కెమెరా వెళ్లలేని చోటు ఒకటి ఉందని ఆయన అప్పుడే గ్రహించారు. నువ్వు ఆ గదిలోకి వెళ్లగలవు. వెళ్లినందుకు, ఆ గదిలో తీసిన ఏ ఒక్క ఫొటోనూ పెళ్లికూతురు స్వయంగా చూసి సరేననకుండా నీ పేజీలో పెట్టనని ముందే కాగితం మీద రాసివ్వు. అడిగితే ఇద్దాంలే అనుకోకు, అడగడానికి మొహమాటపడే పిల్లలే ఎక్కువ.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. మనుషులు తక్కువని రేటు తగ్గించకు. రెండు రోజులు నీవే, బాధ్యత అంతా నీ ఒక్కదానిదే. తగ్గించవలసింది ఫొటోల సంఖ్య. నాలుగువేలు తీసినా ఇచ్చేది నూట యాభైకి మించనివ్వకు, ఆ ఏరివేత నువ్వే చెయ్యి, వాళ్ల మీద వదలకు. కెమెరాలో రెండు మెమరీ కార్డుల్లోనూ ఒకేసారి రికార్డయ్యేలా పెట్టుకోవడం మరచిపోవద్దు.

ఒక్క ఫొటో మాత్రం నా కోసం తప్పక తియ్యి. వెయ్యిమంది పెళ్లిలో ఎన్నటికీ సాధ్యం కానిది, పెళ్లికి వచ్చినవాళ్లంతా ఒకే ఫ్రేములో ఉండటం. నలభైమందిని పట్టించవచ్చు. తలంబ్రాలు అయ్యాక, భోజనాలకు ముందు పెట్టుకో. భోజనాలయ్యాక పెద్దవాళ్లు నడుం వాలుస్తారు, మళ్లీ లేపడం నీ తరం కాదు. వీధి అరుగును మెట్లలా వాడుకుని, పిల్లలను కింద చాప మీద, పెద్దలను కుర్చీల్లో, మిగిలినవాళ్లను అరుగు మీద నిలబెట్టు. లెన్సు రంధ్రాన్ని ఎఫ్/8 దగ్గర ఉంచు, లేకపోతే వెనక వరస మసకబారుతుంది. వంటవాళ్లను, మేళం వాళ్లను కూడా పిలువు. "మేమెందుకమ్మా" అంటారు, రెండోసారి పిలిస్తే వస్తారు. కెమెరా స్టాండు మీద పెట్టి పది సెకన్ల టైమరు నొక్కి నువ్వూ వెళ్లి ఒక మూల నిలబడు, విస్తళ్ల లెక్కలో ఉన్నదానివి గదా.

మీ అత్తయ్య సున్నుండలు డబ్బాకెత్తింది, వచ్చే బస్సుకు పంపుతాను. ఆ లోగిట్లో ముందురోజు 10-42కి పీటలు వేసే చోట గోడ మీద వెలుగు ఎలా ఉందో, మనుషులెవరూ లేకుండా ఒక ఫొటో తెప్పించి నాకు పంపు. పెళ్లి ఫొటోలు తరవాత చూద్దాం.

ఇట్లు
మీ మావయ్య